పూతరేకులు, ఐఎంజీ 4471, ఒక కేజీ

గోదారోళ్ళ మర్యాద గురించి కొత్తగా చెప్పక్కర్లేదు కదండీ. అదే మర్యాదతో ఆత్రేయపురం వైపు ఒక స్వీట్ల కొట్టాయన వెబ్‌సైట్ పెట్టేడు, పైన పెద్దక్షరాల్లో "అందరికీ స్వాగతం". అందరికీ అంటే కళ్ళున్న అందరికీ అని, మనమే అర్థం చేసుకోవాలి.

మా బావకి చూపు లేదు. ఫోన్లో టాక్‌బ్యాక్ తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. పండక్కి పూతరేకులు చెప్దామని సైట్ తెరిచేడు. "ఇమేజ్, ఐఎంజీ అండర్‌స్కోర్ 4471". వేలు జరిపేడు. "ఐఎంజీ అండర్‌స్కోర్ 4472". బెల్లంవా పంచదారవా? "బటన్". ఏం బటనమ్మా? "బటన్". పక్కది? "అన్‌లేబుల్డ్, బటన్". కేజీ పడిందో పది కేజీలు పడ్డాయో ఆ దేవుడికెరుక, ఎలాగో తడుముకుంటూ డబ్బులు కట్టే దగ్గరికెళ్తే మీరు మనిషేనా, అయితే ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కండి అంది. నొక్కలేదు. మా బావ మనిషి కాదని తేలిపోయింది, పూతరేకులు రాలేదు.

కొట్టాయనకి ఫోన్ చేస్తే "ఆయ్, మనది ప్రైవేటు సైటండి, ఆ చట్టాలన్నీ గవర్నమెంటోళ్ళకండి" అన్నాడు. ఎంత ధీమా! 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్లో గవర్నమెంటైనా ప్రైవేటైనా సర్వీసిచ్చే ప్రతోడూ, రూల్స్ వచ్చిన రెండేళ్ళలో అందరూ వాడుకునేలా చెయ్యాలని ఉంది. రూల్స్ 2017లో వచ్చాయి, లెక్క మీరే కట్టండి. చెయ్యకపోతే మొదటిసారి జరిమానా పదివేల దాకా, అంటే సంక్రాంతికి భీమవరం బరిలో చిన్న పందెం. అమెరికాలో ఒక అంధుడు పిజ్జా ఆర్డర్ పెట్టలేక డామినోస్ మీద కేసేస్తే, చట్టం సైటుకీ యాప్‌కీ కూడా వర్తిస్తుందని 2019లో అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది. అయినా పిజ్జా ఎక్కడ, మన పూతరేకు ఎక్కడ లెండి.

పోనీ రూల్స్ గట్టివా అంటే, 15వ రూలు ఉత్త సలహాలా ఉందని 2024 నవంబర్లో సుప్రీంకోర్టే రాజీవ్ రతూరీ కేసులో కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో పెట్టమని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్లో ప్రగ్యా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలో జీవించే హక్కిచ్చే 21వ ఆర్టికల్ కింద హక్కేనంది. ఆ కేసెందుకొచ్చిందో తెలుసా? కేవైసీకి, అంటే బ్యాంకోళ్ళు మనం మనమేనని చూసుకునే తనిఖీకి, కెమెరా ముందు కళ్ళు ఆర్పాలట. యాసిడ్ దాడిలో మొహం, కళ్ళు కాలిపోయినోళ్ళని కళ్ళు ఆర్పమన్నారండీ! ఆ స్క్రీన్ గీసినోడు, ఓకే చేసినోడు, టెస్ట్ చేసినోడు, వీళ్ళలో ఒక్కడికైనా బుర్రలో తట్టలేదా? సిగ్గుండాలి!

ఆ ఫొటో వెనకాల "బెల్లం పూతరేకులు, పది" అని ఆల్ట్ టెక్స్ట్, అంటే టాక్‌బ్యాక్ చదివే చిన్న వివరణ, కొట్టడానికి నిమిషం పట్టదు. పండగ ఆఫర్ బ్యానర్ గిరగిరా తిప్పడానికి మాత్రం డెవలపర్‌కి డబ్బులున్నాయి. ఇదే అడిగితే కొట్టాయన "పక్కన కళ్ళున్నోళ్ళెవరైనా ఉంటే పెట్టించుకోవచ్చు కదండీ" అని సలహా ఇచ్చేడు. అలాగేనండి, కార్డు నంబరూ పక్కోడికే చెప్తాడు, పిన్నూ ఓటీపీ కూడా వాడికే చెప్తాడు. ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్ళు పంపిన మెసేజ్ కూడా వాడి చేతే చదివించుకుంటాడు.