సొంత మైదానం లేని లీగ్

2025 ఏప్రిల్ 11న పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి, దేశంలో మహిళల ఫుట్‌బాల్‌కు అగ్రశ్రేణి పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్‌ను ఖాయం చేసుకుంది. ఆ ఒక్క గోలూ కొట్టింది నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య. పురుషుల జట్టు 2003-04లో జాతీయ లీగ్ గెలిచిన తరువాత ఇరవై ఒక్క ఏళ్ల పాటు ఆ స్థాయి కిరీటం ఎరుగని ఎర్ర-పసుపు రంగుల ఈస్ట్ బెంగాల్ అభిమానులకు, ఆ కరవు తీర్చింది మహిళల జట్టే. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా సౌమ్యకే దక్కింది. ఒక క్రికెటర్ అర్ధసెంచరీ చేస్తే ఊరేగింపులు తీసే మన రాష్ట్రాల్లో ఈ వార్త క్రీడా పేజీ అడుగున ఎక్కడో సర్దుకుపోయింది. ఆ తప్పులో పత్రికలుగా మాకూ వాటా ఉంది.

ఆ సీజన్ ఒక్క గోలుతో గుర్తుండిపోయేది కాదు. ఎనిమిది జట్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కొక్కటి పద్నాలుగేసి మ్యాచ్‌లు ఆడాయి. ప్రతి ప్రత్యర్థితోనూ సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి తలపడ్డాయి. 2022-23 దాకా మూడుసార్లు వరుసగా విజేత అయిన గోకులం కేరళ రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు ఆడిన ఉగాండా ఫార్వర్డ్ ఫజీలా ఇక్వాపుట్ గోల్స్ పట్టికలో అందరికన్నా ముందుంది. గోకులానికి టైటిళ్లు తెచ్చిపెట్టిన కోచ్ ఆంథోనీ ఆండ్రూస్ ఈసారి ఈస్ట్ బెంగాల్ పగ్గాలు పట్టుకుని, పాత జట్టునే వెనక్కి నెట్టారు. అన్నింటికన్నా ఆశ్చర్యపరిచింది ఒడిశా. 2023-24లో విజేతగా నిలిచిన ఆ జట్టు మరుసటి ఏడాదే పట్టిక అడుగు భాగానికి చేరి రెండో అంచెకు జారిపోయింది. నిన్నటి విజేతకైనా మినహాయింపు ఇవ్వని పట్టిక ఉందంటే అది నిజమైన లీగ్ అని అర్థం.

ఈ నిజమైన లీగ్‌కు వయసు చాలా తక్కువ. 2017 ఆరంభంలో ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియంలో ఆరు జట్లతో తొలి సీజన్ తుది దశ నడిచింది. మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఇది లీగ్ పేరు పెట్టుకున్న టోర్నమెంటే. జట్లన్నింటినీ ఒక ఊరికి రప్పించి, కొద్ది వారాల్లో ఆడించి పంపేసేవారు. అలా ఆడిన అమ్మాయికి ఏడాదిలో మిగిలిన నెలల్లో జీతమూ ఉండదు, సాధనకు ఆధారమూ ఉండదు; తన ఊరివాళ్లు తన ఆట చూసే అవకాశం అసలే ఉండదు. 2023-24లో సొంత మైదానం, ప్రత్యర్థి మైదానం పద్ధతి వచ్చాకే ఇది మారడం మొదలైంది. క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య నిబంధన కూడా పెట్టింది. నెలకు ఇరవై ఏడు వేలు కూడా నిండని ఆ మొత్తాన్ని ఘనంగా చెప్పుకోనక్కరలేదు గానీ, ఆట ఒక ఉద్యోగం కాగలదని ఒక తండ్రికి చూపించడానికి ఆ కాగితమైనా కావాలి.

ఈ మార్పు ఫలితం జాతీయ జట్టులో కనిపించింది. 2025 జూలై 5న చియాంగ్ మాయిలో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి భారత మహిళలు ఆసియా కప్‌కు అర్హత పోటీల ద్వారా తొలిసారి చేరుకున్నారు. రెండు గోల్సూ చేసిన సంగీతా బాస్ఫోర్ ఈస్ట్ బెంగాల్ క్రీడాకారిణే. నాలుగు నెలల సీజన్‌లో వారం వారం గట్టి మ్యాచ్ ఆడిన కాళ్లకూ, నెల రోజుల శిబిరంలో తయారైన కాళ్లకూ తేడా చివరి పది నిమిషాల్లో తెలుస్తుంది.

సరిగ్గా ఇక్కడే సమాఖ్య వెనకడుగు వేసింది. 2025-26 సీజన్ తొలి దశను డిసెంబరు, జనవరి నెలల్లో కోల్‌కతాలోనే నిర్వహించింది. సమాఖ్య వాణిజ్య ఒప్పందం ముగిసి ఖజానాకు ఇబ్బంది వచ్చిన మాట నిజమే, పురుషుల లీగే నడుస్తుందో లేదోనన్న అయోమయం నెలకొన్న సంవత్సరమది. అయినా కష్టం వచ్చిన ప్రతిసారీ మొదటి కోత మహిళల ఆటకే పడటం మాకు కాకతాళీయంగా తోచడం లేదు. సేతు జట్టు అమ్మాయిలకు తమిళనాడులో, కిక్‌స్టార్ట్ జట్టు అమ్మాయిలకు బెంగళూరులో రెండేళ్లుగా అలవాటవుతున్న సొంత ప్రేక్షకులను ఇలా పోగొట్టుకుంటే, మళ్లీ కూడగట్టడానికి ఎన్నేళ్లు పడుతుంది? మైదానానికి వచ్చే నాలుగు వందల మందే రేపటి టికెట్ డబ్బు, స్పాన్సర్‌కు చూపించగల ఆధారం. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్ ఐదు జట్లను అమ్మి 4,669.99 కోట్ల రూపాయలు రాబట్టగలిగిందంటే అమ్మాయిల ఆటను చూసేవాళ్లు ఈ దేశంలో లేరని ఎవరూ అనలేరు. ఫుట్‌బాల్‌కు అంత డబ్బు రాకపోవచ్చు, రైలు టిక్కెట్లకూ బస ఖర్చులకూ సరిపడా అయినా తేవడం సమాఖ్య బాధ్యత. తరువాతి సీజన్ పూర్తిగా సొంత మైదానాల పద్ధతిలోనే నడుస్తుందని ఇప్పుడే ప్రకటించాలి.

ఇక మన సంగతి. సౌమ్య టైటిల్ గెలిచిన సీజన్‌లో ఎనిమిది జట్లలో బెంగాల్‌వి రెండు, ఒడిశావి రెండు. తమిళనాడు, కర్ణాటక, కేరళ, ఢిల్లీలకు ఒక్కొక్కటి. మన సరిహద్దుకు మూడు వైపులా జట్లున్నాయి గానీ రెండు తెలుగు రాష్ట్రాలవి మాత్రం లేవు. 1950 నుంచి 1954 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంట్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబే 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిపెట్టారు. ఆ చరిత్రను తలచుకుని మురిసిపోయే సభల్లో ఒకటి తగ్గించుకుని, ఆ ఖర్చుతో రెండు రాష్ట్రాల సంఘాలూ జిల్లాల మధ్య ఒక మహిళల లీగ్‌ను క్రమం తప్పకుండా నడిపించవచ్చు. రెండో అంచె జాతీయ లీగ్‌కు జట్టును పంపడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. నిజామాబాద్ నుంచి బయలుదేరిన సౌమ్య గోకులం, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, ఈస్ట్ బెంగాల్ దాకా వెళ్లింది. తన ఇంటికి ఒక బస్సు దూరంలో లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం ఆమెకు ఇంతవరకు రాలేదు.