ఏసీ పుట్టేది శ్రీసిటీలో, చచ్చేది గుజిరీ అంగట్లో

తిరుపతి జిల్లా ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల జిల్లా అయిపోయింది. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారు చేస్తున్నాయి, ఎల్‌జీ 2025 మేలో 5 వేల కోట్ల ప్లాంటుకు శంకుస్థాపన చేసింది, తిరుపతిలో డిక్సన్ టీవీలు బిగిస్తోంది. ఉద్యోగాలొచ్చాయి, సంతోషమే. ఇవన్నీ పాడయ్యాక ఎక్కడికి పోతాయంటే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఏసీ సంగతే తీసుకుందాం, తిరుపతి లాడ్జీల్లో వాటికి కొదవ లేదు కదా. పాత ఏసీ గుజిరీ అంగడికి చేరితే అక్కడ కావాల్సింది రాగి. పైపు కోస్తారు, లోపలున్న గ్యాస్ బుస్సుమని గాల్లోకి పోతుంది. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 ఒక్క కిలో బయటికొస్తే, వందేళ్ల లెక్కలో సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. పాతవాటిలోని ఆర్-22 అయితే దానికి రెండింతల పైనే, పైగా ఓజోన్‌కూ చేటు. ఆ గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే మిషన్లు లేకపోలేదు, కానీ దాని ఖర్చు, కూలీ ఎవరిస్తారు? కిలో రాగి మీద నాలుగు డబ్బులు చూసుకునే అంగడి మనిషిని తిట్టి లాభం లేదు.

అదే ఇన్వర్టర్ బ్యాటరీని చూడండి. అమరరాజా పుణ్యమా అని కరకంబాడి వైపు బ్యాటరీ గురించి తెలియని ఇల్లుండదు. పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు, డీలర్లు పాతవి వెనక్కి తీసుకోవాలన్న నిబంధన 2001లోనే వచ్చింది. అందుకే ఎవరూ దాన్ని చెత్తకుప్పలో పారేయరు. (అన్నీ పద్ధతైన చోటికే పోతాయని కాదు, పెరట్లో సీసం కరిగించేవాళ్లూ ఉన్నారు.) అంగట్లోనే, కొనేటప్పుడే చేతిలో డబ్బు కనిపించడం వల్ల అది నడుస్తోంది.

2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాన్ల) నిబంధనల్లో లేనిది సరిగ్గా ఇదే. 106 రకాల వస్తువులు చేర్చారు, కంపెనీలకు 2025-26లో 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైక్లింగ్ టార్గెట్ పెట్టారు. కానీ కంపెనీ ఎక్కడో ఉన్న రీసైక్లర్ దగ్గర ఇంత సరుకు రీసైకిల్ అయిందన్న సర్టిఫికెట్ కొనుక్కుంటే లెక్క తేలిపోతుంది, తిరుపతిలో పాత ఏసీ ఎవరి చేతికి పోయిందన్నది దానికి పట్టదు. రీసైక్లర్‌కు కిలోకు కనీసం 22 రూపాయలు ఇవ్వాలని కేంద్రం అంటే, అది భారమని డైకిన్, ఎల్‌జీ లాంటి కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నన్నడిగితే 22 ఎక్కువేమీ కాదు, కాకపోతే అదైనా రీసైక్లర్‌కు చేరుతుందే గానీ లాడ్జి ఓనరుకో గుజిరీ అంగడికో నేరుగా అందదు.

సెల్‌ఫోన్‌ది ఇంకో తంటా. బ్యాటరీని జిగురుతో అతికించేస్తున్నారు, రిపేరు అంగట్లో ఊడదీయడమే పెద్ద పని. ఫోను వల్ల వచ్చే కర్బనంలో ఎక్కువ భాగం తయారీలోనే అయిపోతుంది కాబట్టి ఇంకో రెండేళ్లు వాడటమే అన్నిటికంటే మేలు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా చేయాలన్న నియమం వస్తోంది, కొన్ని మినహాయింపులతో. ఇక్కడ బిగించే ఫోన్లకు ఆ నియమం ఎందుకు ఉండకూడదు?

రాష్ట్రం ఈ కంపెనీలకు భూములు, రాయితీలు ఇస్తోంది. ఆ ఒప్పందాల్లోనే జిల్లాలో పాత వస్తువులు తీసుకునే కేంద్రం, డీలర్ దగ్గర పాతదానికి ధర, గుజిరీ అంగళ్లవాళ్లకు గ్యాస్ లాగే మిషన్లూ శిక్షణా అని షరతు పెట్టొచ్చు. ఎల్‌జీ ప్లాంటు నుంచి మొదటి ఏసీ బయటికి రాకముందే అడిగితే పని జరుగుతుంది.