పెండ్లయిన ఫాదర్లు కొత్తేం కాదు

ఫాదర్లకు పెండ్లి ఒప్పుకుంటే కతోలిక సభ, అంటే చర్చి, ఆగమైతదని కొందరు రాసిన్రు గని నేనొప్పుకోను. ఉక్రెయిన్ గ్రీకు కతోలిక సభల పెండ్లయినోళ్లు ఎప్పటినుంచో ఫాదర్లయితున్రు, వాళ్లు గూడ పోప్ కిందనే ఉన్నరు కదా, ఇగ చూస్తే మొదటి పోప్ అని మేమనుకునే యేసు శిష్యుడు పేతురుకే అత్త ఉండె, అంటే ఆయనకు పెండ్లయింది, జ్వరంతోని పండుకొనుంటే యేసు బాగుచేసిండని మార్కు సువార్తల ఉన్నది. మనకు ఎక్కువ కనవడే రోమన్ కతోలిక సభల, అంటే లాటిన్ సభల, 1139ల రెండో లాతరన్ మహాసభ అనే బిషప్పుల పెద్ద మీటింగు ఫాదర్ పెండ్లి చేసుకున్నా అది చెల్లదన్నది, అంటే సభ పెట్టుకున్న రూలే. 2019ల అమెజాన్ అడవుల గురించి పెట్టిన సినడ్‌ల, అంటే బిషప్పుల మీటింగుల, బిషప్పులు ఎక్కువమంది అక్కడి అడవి ఊర్లకు పెండ్లయిన డీకన్లను, అంటే ఫాదర్ కంటే కింది మెట్టు సేవకులను, గురువులు (ఫాదర్లు) చేయొచ్చన్నరు, పోప్ ఫ్రాన్సిస్ 2020 లేఖల ఆ ముచ్చటే తియ్యలే, మస్తు బాధైంది.

మా నల్గొండ దిక్కు ఊర్ల ఫాదర్ వచ్చి చేసే పూజ నెలకొక్కసారే, మిగిలిన ఆదివారాలు ఉపదేశే, అంటే ఫాదర్ గాని ఊరి ప్రార్థన పెద్దే, ప్రార్థన చేయిస్తడు. ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు. మా నాయిన ఆఖరి రాత్రి మంచం పక్కన జపమాల చెప్పుకుంట కూసున్నది ఆయనే, గని అభ్యంగనం, అంటే రోగికి నూనె రాసి చేసే సంస్కారం, ఫాదరే ఇయ్యాలె, ఆయన ఇయ్యరాదు, ఫాదర్ వానల బండి మీద తడుసుకుంట వచ్చేసరికి తెల్లారింది, నాయిన పోయిండు. పెండ్లి వద్దనుకొని బతుకంత సభకిచ్చిన ఫాదర్లంటే నాకు పానం, గని అసొంటి ఉపదేశిని గురువు చేస్తే తప్పేంది?