విండోస్ పాపం ఏం చేసింది?

రెండు నెలల్లో మూడుసార్లు విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించాను. డ్రైవర్లు మార్చాను, ఎస్‌ఎస్‌డీని అనుమానించాను, ఆఖరికి ఇంట్లో కరెంటునీ తిట్టాను. ఒకరోజు బ్లూ స్క్రీన్ మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తుంది, ఇంకోరోజు ఇంకేదో పేరు. ఎవరిని అడిగినా "వైరస్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టు" అనే. మన దగ్గర కంప్యూటర్‌కి జ్వరం వచ్చినా, జలుబు చేసినా ఫార్మాటే మందు.

అసలు ఆచూకీ ఒక జిప్ ఫైలు దగ్గర దొరికింది. విప్పితే సీఆర్‌సీ ఎర్రర్, అంటే లోపలి డేటా లెక్క సరిపోలడం లేదని. అదే ఫైలుని, మళ్లీ డౌన్‌లోడ్ చేయకుండానే, రీస్టార్ట్ చేసి విప్పితే శుభ్రంగా వచ్చింది. డిస్కులో ఫైలే పాడైతే ప్రతిసారీ పాడుగానే ఉండాలి కదా! ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు వస్తోందంటే మధ్యలో మోసేవాడు, అంటే ర్యామ్, తడబడుతున్నాడన్నమాట.

నా తప్పూ ఒప్పుకోవాలి. రైజెన్ 5 3600 ప్రాసెసర్‌కి ఏఎండీ చెప్పే డీడీఆర్4 ర్యామ్ వేగం 3200. నేను 3600 ర్యామ్ కిట్ (రెండు స్టిక్కులు) కొని, డబ్బా మీది వేగంతో ర్యామ్‌ని నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేసి, అది చాలదన్నట్టు టైమింగులు (ర్యామ్ స్పందించడానికి ఇచ్చే వ్యవధులు) కూడా బిగించాను. చలికాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక మొదలైంది గోల. ర్యామ్‌లో ప్రతి బిట్టూ చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జీయే. వేడి పెరిగేకొద్దీ అది త్వరగా కారిపోతుంది.

ఇదేం కొత్త జబ్బు కాదు. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2005లోనే రాశాడు: తమకొచ్చే క్రాష్ రిపోర్టుల్లో కొన్ని అసలు క్రాష్ అవడానికే వీల్లేని ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగిపోయి ఉన్నాయట. ఆరా తీస్తే చాలావరకు ఓవర్‌క్లాక్ చేసిన, అంటే కంపెనీ చెప్పిన వేగాన్ని మించి పరిగెత్తించిన, మెషిన్లే. కొందరికైతే తమది ఓవర్‌క్లాక్ చేసి అమ్మిన మెషిన్ అనే సంగతే తెలీదు! తిట్లు మాత్రం విండోస్‌కే.

సరే, పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ వేసి బూట్ చేశాను. రెండో విడతలో మూడు ఎర్ర గీతలు, అంటే మూడు ఎర్రర్లు. "మూడేగా" అన్నాడు మా బావ. ఒక్కటున్నా ఫెయిలే బావా! వెంటనే స్టిక్ పారేయకూడదు, ముందు బయోస్‌ని (మదర్‌బోర్డు సెట్టింగుల్ని) డిఫాల్ట్‌కి తేవాలి, ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఉంటే దాన్నీ తీసేయాలి. ర్యామ్ 2133కి దిగింది. రాత్రంతా తిప్పినా ఒక్క ఎర్రర్ లేదు. తర్వాత నా టైమింగులు వదిలేసి, ఉత్త ఎక్స్‌ఎంపీ మీద ఒక్కో స్టిక్కునీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూశాను. ఒకటి పాసైంది, రెండోది ఫెయిల్. ఫెయిలైనదాన్ని పక్క స్లాట్‌లోకి మార్చినా ఫెయిలే. ఎర్రర్ స్లాట్ దగ్గరే ఉండిపోయి ఉంటే బోర్డునో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌నో అనుమానించేవాణ్ని. ఇది స్టిక్కు వెంటే తిరిగింది.

ఇక నాకు మండింది షాపులో. "2133లో పని చేస్తోంది కదా సార్, ఓవర్‌క్లాక్ చేస్తే వారంటీ రాదు." అయ్యా, డబ్బా మీద బెత్తెడు అక్షరాలతో 3600 అని అచ్చేసింది నేనా? అమ్మేటప్పుడు అది స్పీడు, తిరిగి తెస్తే ఓవర్‌క్లాకింగా? ఎక్స్‌ఎంపీ ఓవర్‌క్లాకింగే, నిజమే, దాన్ని తెచ్చిన ఇంటెల్ కూడా అలాగే చెబుతుంది. ఆ మాటని డబ్బా మీద అంతే పెద్ద అక్షరాల్లో వేస్తే ఏం పోయింది?

ఇప్పుడు రెండు స్టిక్కులూ 3200 దగ్గర నడుస్తున్నాయి, ఎనిమిది గంటల టెస్టులో ఒక్క ఎర్రర్ లేదు. కాపీ అయ్యేదీ ర్యామ్ మీదుగానే కాబట్టి, ఆ రెండు నెలల్లో బ్యాకప్‌లోకి కాపీ చేసినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను. మా చెల్లి సీమంతం ఫొటోల్లో పదకొండు సగం నుంచి కిందికి బూడిద రంగే. ఫోన్లోవి అప్పుడే డిలీట్ చేసేశాను.