సక్సెస్ గారికి బహిరంగ లేఖ

సక్సెస్ గారికి,

అమీర్‌పేట నుంచి నమస్కారాలు. ఇక్కడ ఏ గోడ మీద చూసినా తమరే. కోచింగ్ సెంటర్ కరపత్రాలు పంచే కుర్రాడు కూడా "హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అన్నా" అంటూ తమరిని నా చేతిలో పెట్టిపోయాడు.

ఇంత పలుకుబడి వచ్చాక పాత సంగతులు ఎత్తితే తమరికి కోపం రావచ్చు. కానీ తమరి పుట్టిల్లు లాటిన్. అక్కడ తమరి మూలార్థం వెనకాల రావడం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడూ ఒక పని తర్వాత ఏది వస్తే అదే తమరు, మంచైనా చెడైనా. అందుకే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో దేవుడు యెహోషువకు ఉత్త సక్సెస్ ఇస్తానని ఊరుకోలేదు, 'గుడ్ సక్సెస్' అన్నాడు. 'ఇల్ సక్సెస్', అంటే చెడు ఫలితం, కూడా ఆ రోజుల్లో దర్జాగానే తిరిగేది. తర్వాత తమరు గెలిచినవాళ్ల పక్కన చేరి ఆ 'గుడ్'ని గుటుక్కున మింగేశారు. ఓడినవాడు ఎదురుపడితే ఇప్పుడు మొహం తిప్పుకుంటారు.

తమరి చుట్టం ఇష్యూ పాపం అలా ఎదగలేదు. మొదట్లో బయటికి దారి, ఆపైన ఫలితం, సంతానం, వివాదం, చివరికి హైటెక్ సిటీలో తలనొప్పి. ఆఫీసులో "ఇష్యూస్ లేవు" అంటే టీమంతా టీకి లేస్తుంది. పెళ్లిపందిట్లో మా పిన్ని గొంతు తగ్గించి "వాళ్లకి ఇష్యూస్ లేరు" అంటే నలుగురు నిట్టూరుస్తారు.

ఇక తమరికో శుభవార్త. ఫిల్మ్‌నగర్ వాళ్లు తమరి పాత అర్థాన్ని తవ్వి తీస్తున్నారు. శుక్రవారం మార్నింగ్ షోకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సగం కుర్చీలు ఖాళీ. సాయంత్రానికల్లా సక్సెస్ మీట్! కేకు, శాలువాలు, మైకు ముందు హీరోగారి కన్నీళ్లు. జనం నవ్వుతారు గానీ, ఇందులో తప్పేముంది? విడుదల తర్వాత ఏదో ఒకటి వచ్చింది కదా, నష్టమైతేనేం. అన్నట్టు 'ఈవెంట్' అన్నా ఒకప్పుడు ఫలితమే. ఆ లెక్కన ప్రీ రిలీజ్ ఈవెంట్ అంటే బొమ్మ పడకముందే తేలిపోయిన ఫలితం. ఇంత కచ్చితంగా ఇంగ్లీషు వాడేవాళ్లు లండన్‌లో కూడా దొరకరు.

వచ్చే వారం మీట్‌కి తమరే స్వయంగా దయచేయండి. పాసులకు కొదవ లేదు, చాలా మిగిలాయట.

ఇట్లు,
డబ్బు పెట్టి టికెట్ కొన్న ప్రేక్షకుడు