ఒక చదరపు మీటరులో 214 బడులు

మొన్న సోమవారం సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి కనుక ముందు భాగం గబగబా చెప్పేస్తాను. 214 బడులున్న షేప్‌ఫైల్ (మ్యాపు డేటా దాచే ఫైళ్ళ కట్ట) ఒకటి, ఆస్పత్రులున్నది ఇంకొకటి. ఏ బడికి ఏ ఆస్పత్రి దగ్గర, ఎంత దూరం అన్నది లెక్కగట్టి పట్టిక పంపాలి. శుక్రవారం సాయంత్రం లెక్క నడిపాను, పట్టిక వచ్చింది, పంపేశాను. మ్యాపు మాత్రం తెరిచి చూడలేదు. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వేసుకోవచ్చు.

సోమవారం మా పై అధికారిణి చాలా మర్యాదగా అడిగారు. "మొత్తం 214 బడులకూ దగ్గరి ఆస్పత్రి ఒకటేనా? అదీ ఇన్ని వేల కిలోమీటర్ల దూరమా? పిల్లలను ఓడలో తీసుకెళ్తారా?"

ఓడ మాట ఆవిడ వెటకారానికే అన్నారు. మ్యాపు తెరిచాక ఓడ తప్ప గత్యంతరం లేదని తేలింది.

బడుల లేయర్‌కు (మ్యాపు మీద బడులు మాత్రమే ఉన్న పొరకు) జూమ్ చేస్తే తెరంతా నీలం, నడుమ ఒక్కటే చుక్క. నొక్కితే ఆ చుక్కలోంచి 214 పేర్లు బిలబిలమంటూ బయటికొచ్చాయి. భూమధ్యరేఖా, సున్నా రేఖాంశమూ కలిసేచోట, గినియా సింధుశాఖ నడిసముద్రంలో, నా బడులన్నీ కొలువు తీరి ఉన్నాయి. అక్కడ నేల లేదు. వాతావరణాన్ని కొలిచే తేలే పరికరం (బోయ్) ఒకటి మాత్రం ఒకప్పుడు లంగరు వేసుకుని ఉండేది. ఇలా దారితప్పిన లెక్కలన్నీ అక్కడికే చేరతాయి కనుక మ్యాపుల పనివారు ఆ చోటికి ముద్దుగా 'నల్ ఐలాండ్' (శూన్య దీవి) అని పేరు పెట్టుకున్నారు. 2011లో నేచురల్ ఎర్త్ మ్యాపు డేటాలో సరదాకి అక్కడ ఒక చదరపు మీటరు దీవిని కూడా గీశారు. నా బడులు దానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. వాటికి పట్టిన స్థలమూ సుమారు ఒక చదరపు మీటరే. ఇంకా దగ్గరికి వెళ్ళి కొలిచాను. ఒక ఉన్నత పాఠశాలకూ పక్క ఊరి ప్రాథమిక పాఠశాలకూ మధ్య రెండు సెంటీమీటర్లు. ఒక బడిలో గంట కొడితే రెండొందల పదమూడు బడులకు సెలవు. ప్రధానోపాధ్యాయులు 214 మంది ఒంటికాలి మీద నిలబడినా చోటు చాలదు. ఆటస్థలం సంగతి అడగకండి, ఉన్నదంతా ఈతకొలనే.

జరిగిందేమిటంటే, బడుల బిందువులు అక్షాంశ రేఖాంశాలలో, అంటే డిగ్రీలలో ఉన్నాయి. ఆ సంగతి చెప్పే పీఆర్‌జే ఫైలు మాత్రం రాలేదు. సాఫ్ట్‌వేర్ ఏదో అడిగింది, నేను సరే అన్నాను. దాంతో అది డిగ్రీలను ఆ సున్నా చోటు నుంచి కొలిచిన మీటర్లనుకుంది. ఒక డిగ్రీ అక్షాంశమంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. నా మ్యాపులో అదొక మీటరు. 111 కిలోమీటర్ల ప్రాంతం గజం గుడ్డలో ముడుచుకుపోయింది. ఆస్పత్రుల లేయర్ బుద్ధిగా తన చోటే ఉంది కనుక, దాని అంచున ఉన్న ఆస్పత్రి ఒక్కటే అన్ని బడులకూ 'దగ్గరిది' అయింది.

బడుల ఫైళ్ళు పంపినాయనకు ఫోను చేశాను. "నాలుగు ఫైళ్ళుండాలి కదండీ, మూడే పంపారు?" అంటే, "నాలుగోది చిన్న ఫైలండీ, అందులో ఏమీ లేదు, ఒకే ఒక్క వాక్యం. అనవసరమని తీసేశాను," అన్నారు. ఆ ఒక్క వాక్యం లేకే నేను సముద్రంలో ఉన్నానని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

తరువాత ఎలాగో సరిచేశాను. ఆ మధ్యలో 3857 ప్రొజెక్షన్‌లోనే (వెబ్ మ్యాపులు గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచే పద్ధతి) దూరాలు కొలవబోయి ఆగాను. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది ఒక కిలోమీటరును రెండు కిలోమీటర్లుగా చూపిస్తుంది. ఈసారి ఆ ప్రాంతానికి సరిపోయే యూటీఎమ్ జోన్‌లోకి (దూరాలు దాదాపు సరిగ్గా మీటర్లలో వచ్చే పద్ధతిలోకి) మార్చాకే కొలిచాను, మ్యాపు కళ్ళారా చూశాకే పంపాను.

ఈరోజు పొద్దున ఆయన దగ్గర్నుంచి "సవరించిన కొత్త ఫైలు, ఇదే ఫైనల్" అని వచ్చింది. ఈసారి నాలుగు ఫైళ్ళూ ఉన్నాయి. పట్టిక తెరిచాను. అక్షాంశం అని రాసిన గడిలో రేఖాంశం ఉంది. మ్యాపు ఇంకా తెరవలేదు.