బండి లేచింది, ఇరుసు లేవలేదు

పోయిన నెల ఒంగోలులో ఒక టైర్ల షాపు దగ్గర మా బావమరిది మహీంద్రా థార్‌కు బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్, 33 అంగుళాల టైర్లు బిగించారు. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పగానే బర్రుమని చప్పుడు. మెకానిక్ కింద పడుకుని టార్చ్ వేసి చూపించాడు. మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్‌ను టైరు అరచేతి వెడల్పున గీకేసింది. "కోసేస్తే సరిపోద్దన్నా" అన్నాడు, కోసేశాడు. ఆ బండి వారంలో ఆరు రోజులు తిరిగేది ఒంగోలు, కావలి మధ్య హైవే మీద.

లిఫ్ట్ కిట్ వేస్తే కింద రాళ్లు తగలవని మన దగ్గర చాలామంది నమ్మకం. కిట్ లేపేది స్ప్రింగుల పైనున్న ఛాసిస్‌ను, బాడీని. వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్, అంటే చక్రాలకు బలం పంచే గేర్ల డబ్బా, ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగమే. థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. 33 అంగుళాలంటే 838. తేడా 49, అందులో సగమంటే ఒక్క అంగుళం.

ఆ అంగుళానికి కట్టే ధర పెద్దది. టైరు ఒక్క చుట్టుకు ఆరు శాతం ఎక్కువ దూరం పోతుంది, లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. మీటర్లో అదే 100 కనిపిస్తున్నా బండి మునుపటికన్నా ఆరు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే. బరువైన, ఎత్తయిన చక్రాన్ని అవే ఆపాలి. రాత్రిపూట గ్రానైట్ దిమ్మెల లారీ లైట్లు లేకుండా హైవే ఎక్కినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. పైగా ముందు చక్రాలది దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి, లిఫ్ట్ చేశాక వాటిని తిప్పే షాఫ్ట్‌ల జాయింట్లు ఎప్పుడూ ఎక్కువ వంపులోనే తిరుగుతాయి, తొందరగా అరుగుతాయి.

మన నేలకు ఇంత అవసరమా? మైపాడు ఇసుకలో బండి దిగబడితే బయటపడేసేది ముందుగా గాలి. 18 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు సాగి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మళ్లీ గాలి కొట్టుకోవడానికి ఒక కంప్రెసర్ వెంట ఉంటే చాలు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్ల మీదైతే వెడల్పు టైర్లు, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు బండిని అంచుకు నెడతాయి. చీమకుర్తి క్వారీల్లో పదునైన రాతి ముక్కలు టైరు పక్కగోడను కోస్తాయి. అక్కడ కావాల్సింది పక్కన ఎక్కువ రబ్బరు. థార్ కింది వేరియంట్లలో వచ్చిన 245/75 ఆర్16 సైజుకు ఆ పక్కగోడ 18 మిల్లీమీటర్లు ఎక్కువ. నల్లమల అంచుల్లో రాళ్లు దాటే పని నిజంగా ఉన్నవాళ్లు 33కు పోవచ్చు. వాళ్లయినా టైర్లకన్నా ముందే డిఫరెన్షియల్ గేర్లు, బ్రేకులు మార్చుకోవాలి.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కంపెనీ లెక్కలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇదే గొడవ.

"చూడ్డానికి బాగుంది గదా బావా" అన్నాడు వాడు. బాగుంది, కాదనను. కానీ కొత్తగా కొన్న టైర్లు నాలుగే, స్టెప్నీ పాతదే. పంచరైనప్పుడు దాన్ని వేసి ఫోర్ వీల్ డ్రైవ్ పెడితే చక్రాలు తలో వేగంతో తిరిగి, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. ఐదోది కొనేదాకా పిల్లల్ని ఎక్కించుకుని ఉదయగిరి కొండవైపు పోవద్దని గట్టిగా చెప్పి వచ్చాను.